గొంతు పోయాక సాగర్ చేసిన మిక్స్‌టేప్

2022లో వానలు మొదలైన రోజులవి. జనగామలో మా ఆయన ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం పైన నా రికార్డింగ్ స్టూడియో ఉంది. ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో మైకు, గోడల నిండా స్పాంజి. ఇంకో గదిలో కంప్యూటర్, రెండు స్పీకర్లు, నేను. మధ్యలో పెద్ద అద్దం. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో ఈ పని నేర్చుకుని, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి సొంతంగా పెట్టుకున్నాను. బోర్డు మీద సౌండ్ ఇంజనీర్ అని రాయించుకున్నా ఊళ్లో నన్ను అందరూ పాటల సుజాతక్క అనే పిలుస్తారు. బతుకమ్మ పాటలు, ఒగ్గుకథలు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల పాటలు, పెళ్లిళ్ల రోజుల్లో డీజే పాటలు. జనగామ లాంటి చోట స్టూడియో నడవాలంటే ఇవన్నీ చేయాల్సిందే.

ఇన్నేళ్లలో ఎన్నో గొంతులు విన్నాను. కొన్ని బాగున్నాయి, కొన్ని చాలా బాగున్నాయి. కానీ ఒక గొంతును రికార్డు చేస్తూ నా చేతులు మీటల మీద అలాగే ఆగిపోయింది ఒక్కసారే. అది భూపాలపల్లి సాగర్ గొంతు. అది కూడా అతని గొంతు పోయిన తరువాత.

సాగర్ వాళ్ల నాన్న బొగ్గుబాయిలో, అంటే గనిలో, కార్మికుడు. కార్మికుల క్వార్టర్లలో పెరిగిన సాగర్ స్టేజీ మీద సైరన్ సాగర్ అయ్యాడు. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌లాగా అతను నోరు తెరిస్తే నాలుగు వీధుల అవతల కూడా వినబడేది. అతనికి జోడీ ఖాజా. ఖాజాది మహబూబాబాద్, అక్కడివాళ్లు మానుకోట అంటారు. వరంగల్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఆ తరువాత విడిపోలేదు. ఖాజా బీట్లు చేసేవాడు. బీట్ అంటే ర్యాప్ వెనుక నడిచే దరువు, సంగీతం అంతా కలిపి. సాగర్ దాని మీద పాడేవాడు.

వాళ్లకు పేరు తెచ్చింది ఒక పెళ్లి పాట. విందులో నల్లిబొక్క, అదే మూలుగ ఉండే ఎముక, తన విస్తట్లో పడలేదని అలిగి, మండపం వదిలి బస్టాండ్‌లో కూర్చున్న బావ కథ. ఆ పాట లేకుండా మా వైపు బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, కదిలేది కాదు. నా స్టూడియోలోనే రికార్డు చేశాం. సాగర్ చరణమంతా ఊపిరి తీసుకోకుండా పాడేస్తుంటే నేను మైకును కాస్త పక్కకు తిప్పి పెట్టేదాన్ని, లేకపోతే మీటర్లన్నీ ఎర్రబడిపోయేవి. ఖాజా అతని పక్కనే నిలబడి యాడ్-లిబ్‌లు వేసేవాడు. ర్యాపర్ లైను ముగించిన చోట వెనుక నుంచి పడే చిన్న చిన్న కేకలవి. "హా!" "చల్!" "అరె భాయ్!" పప్పుకు తాలింపు ఎలాగో ర్యాప్‌కు అవి అలాగ.

ఒకసారి హైదరాబాద్ నుంచి సినిమావాళ్లు ఫోన్ చేశారు. మీ యాస కామెడీకి భలే ఉంటుంది, ఒక పాట పాడతారా అని అడిగారట. సాగర్ ఎగిరి గంతేశాడు. ఖాజా మాత్రం నా ముందే అన్నాడు:

"నవ్విపిచ్చుడు మంచిదే భాయ్. గని మనం నోరు తెరిస్తెనే నవ్వొస్తదంటె అదేం ముచ్చట?"

"నీకన్ని డౌట్లేరా," అని సాగర్ అతని వీపు మీద చరిచాడు.

ఖాజా అప్పుడప్పుడు నాకు వేరే బీట్లు వినిపించేవాడు. పెళ్లిళ్లకు పనికిరానివి. ట్రాప్ అంటారు వాటిని. దరువు నెమ్మదిగా, బరువుగా పడుతుంది. కింద 808 అనే బేస్ ఉంటుంది, అది చెవికంటే ముందు రొమ్ముకు తగులుతుంది. పైన హై-హ్యాట్ అనే సన్నటి తాళం గబగబా చిటపటలాడుతుంది. ట్రాప్‌లో హుషారైన రకమూ ఉంది, చీకటి రకమూ ఉంది. ఖాజావి చీకటి రకం. డోర్నకల్ జంక్షన్‌లో గూడ్సు బండి కదిలేటప్పుడు బోగీలు ఒకదాన్నొకటి గుంజుకునే చప్పుడు కూడా ఒక బీట్‌లో పెట్టాడు.

సాగర్‌కు అవి గిట్టేవి కావు. "గిది ఏడ్పు బీటురా. దీనికి బరాత్‌ల ఎవడాడుతడు?" అనేవాడు.

"ఆడుటందుకు గాదు. ఇనుటందుకు," అని నవ్వేవాడు ఖాజా.

ఆ ఏడు ఎండాకాలంలో మహదేవపూర్ అవతల ఒక పెళ్లిలో పాడి, తెల్లవారుతుండగా ఇద్దరూ కారులో తిరిగి వస్తున్నారు. సాగర్ నడుపుతున్నాడు. కాటారం దాటాక ఇసుక లారీ ఒకటి చెడిపోయి రోడ్డు మీదనే ఆగి ఉంది. వెనుక లైట్లు లేవు. హెచ్చరికగా ఒక చెట్టుకొమ్మ కూడా అడ్డం వేయలేదు. ఖాజా అక్కడికక్కడే పోయాడు. సాగర్‌ను వరంగల్ దవాఖానకు తెచ్చారు. చాలా రోజులు గొంతులో గొట్టం వేసి ఊపిరి ఇచ్చారు. మనిషి బతికాడు. గొట్టం తీశాక చూస్తే గొంతులోని రెండు స్వరతంత్రుల్లో ఒకటి కదలడం లేదు.

నాకు ఫోన్‌లోనే తెలిసింది. ఆ ఇద్దరి పాటల ఫోల్డర్ కంప్యూటర్‌లో కళ్ల ముందు కనబడుతుంటే చూడలేక, వేరే డిస్కులోకి మార్చి పెట్టాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం స్టూడియో మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న అలికిడి. తలుపు తీస్తే సాగర్. సగానికి సగం తగ్గిపోయాడు. మెడకు రుమాలు చుట్టుకున్నాడు.

"బాగున్నవా అక్కా?"

ఇసుకలో కాలు ఈడ్చినట్టుంది ఆ గొంతు. మాట కంటే గాలి ఎక్కువ. నేను ముందు గొంతు వైపు చూసి, చూసినందుకు నొచ్చుకుని, కుర్చీ జరిపాను. చాయ్ తాగాక అతనే చెప్పాడు.

"రికార్డింగ్ చేద్దామక్కా. ఒకటి గాదు, మిక్స్‌టేప్ మొత్తం."

మిక్స్‌టేప్ అంటే కంపెనీ, సినిమా ఏదీ లేకుండా ర్యాపర్ తనకు నచ్చినట్టు చేసుకుని, ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో వదిలే పాటల కట్ట.

"డాక్టర్ ఏమన్నడు తమ్మీ?"

"అరవద్దన్నడు. గుసగుస అసలే వద్దన్నడు, దాంతోని ఇంకింత ఖరాబైతదట. ఎట్లొస్తె అట్ల, మెల్లగ మాట్లాడుమన్నడు. నాకు గంతైతె చాలు."

"దేని మీద పాడుతవు?"

ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అందులో ఖాజా బీట్లు. ఏడ్పు బీట్లు.

"దవాఖానల పండుకోని ఇవే ఇన్న అక్కా. ఇంకేది ఇనబుద్ధి కాలె. నోట్లెకెల్లి మాట రాకపోయినా తల్కాయల మాటలు తిరుగుతనే ఉన్నయి. అన్నిటిని పట్టుకోనొచ్చిన."

నాకు నమ్మకం కుదరలేదు. కానీ కాదనలేకపోయాను. మొదటి రోజు నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. గొంతు వెనుక వినబడే గాలి చప్పుడును సాఫ్ట్‌వేర్‌తో తీసేశాను. ఒకే గొంతును రెండుసార్లు పక్కపక్కన పెట్టి లావు చేశాను. కొంచెం ప్రతిధ్వని కలిపాను. వినడానికి చక్కగా తయారైంది. సాగర్‌ను పిలిచి వినిపించాను.

విని నా వైపు తిరిగాడు. "గిదెవరక్కా?"

"నువ్వే."

"నేను గాదు. గిది బాగైనోని గొంతు. నేనింక బాగు గాలె."

తరువాత నేను చేసినవన్నీ ఒక్కొక్కటీ తీసేశాను. మైకును అతని పెదవులకు నాలుగు వేళ్ల దూరానికి తెచ్చాను. ఫ్యాన్ బంద్ చేశాను. కింద మా ఆయనకు చెప్పి ప్రింటింగ్ మిషన్ కూడా ఆపించాను. ఇక మిగిలింది కంప్రెసర్ ఒక్కటే. పెద్ద శబ్దాన్ని కిందికి నొక్కి చిన్న శబ్దాన్ని పైకి తెచ్చే పరికరం అది. దాన్ని ఎన్నడూ తిప్పనంత తిప్పాను, అతను పెదవి తడుపుకున్నా వినబడేంతగా.

బీట్ మొదలైంది. సాగర్ కళ్లు మూసుకున్నాడు.

*బాయిల దిగేటోనికి టోపి మీద లైటుంటది*
*తొవ్వ మీద ఆగిన లారికి ఎన్క లైటెందుకుండది?*
*బొగ్గు కిందికి మా బాపు రోజు పోయి రోజొచ్చిండు*
*ఇసుక ముంగట నా దోస్తు ఒక్కసారికే పోయిండు*

నేను వింటూ ఉండిపోయాను. మీటర్లు చూడాల్సిన పని నాది, చూడలేదు. గొంతులోని ఒక్కొక్క పోగూ వేరుగా వినబడుతోంది. స్పీకర్ల నుంచి వస్తున్నట్టు లేదు. నా చెవి లోపలే ఎవరో కూర్చుని చెబుతున్నట్టుంది. పాత సైరన్ గొంతు పడితే ఆ బీట్ పగిలిపోయేది. ఖాజా కింద బేస్ పెట్టాడు, పైన తాళం పెట్టాడు, మధ్యలో పెద్ద ఖాళీ వదిలాడు. అన్నాళ్లూ అది బీట్‌లో లోపం అనుకున్నాను. సాగర్ విరిగిన గొంతు సరిగ్గా ఆ ఖాళీలో ఒదిగి కూర్చుంది. తను చేస్తున్నప్పుడు ఖాజాకు ఇదేమీ తెలిసి ఉండదు. అయినా ఆ ఖాళీ అక్కడ ఉంది.

రోజుకు కొంచెమే చేసేవాళ్లం. గొంతు మండితే ఆపేసేవాడు. పాటల్లో అంతా చీకటే. గొట్టం వేసుకుని పడుకున్న మంచం, పక్క మంచం మీది ముసలాయన మూలుగు, పిలవాలనుకున్నా పేరు పైకి రాని తెల్లవారుజాములు. ఎక్కడా కేక లేదు, తిట్టు లేదు. చావు గురించి పాల ప్యాకెట్ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. అందుకే భయమేసేది.

రికార్డింగ్ నడుస్తుండగా ఒక సంగతి గమనించాను. సాగర్ లైను ముగిశాక ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాడు. తాళం తప్పుతోందేమో అనుకుని అడిగాను.

"ఎన్క ఖాజా లేడుగదక్కా," అన్నాడు. "లైను అయిపోంగనె వాడేమన్న అంటడేమోనని ఆగుతున్న. అలవాటు పోతలేదు."

ఖాజా యాడ్-లిబ్‌లు నా దగ్గర ఉన్నాయి. పాత రికార్డింగుల్లో వాడినవీ, వాడకుండా పక్కన పెట్టినవీ ఎన్నో. అవి ఉన్నాయని చెప్పగానే సాగర్ కళ్లు మెరిశాయి. నేను మిగతా మాట కూడా అనేశాను.

"గని పోయిన మనిషి గొంతు, తమ్మీ. వాళ్లమ్మను అడగకుండ నేను ముట్ట. బీట్ల స్టెమ్స్ గూడ గావాలె, అవి ఖాజా ల్యాప్‌టాప్‌లనే ఉంటయి."

బీట్‌లోని ఒక్కొక్క శబ్దానికి ఒక్కో ఫైలు ఉంటుంది, వాటినే స్టెమ్స్ అంటాం. అవి లేకపోతే గొంతుకూ దరువుకూ పొత్తు కుదర్చలేం.

ప్రమాదం తరువాత సాగర్ మానుకోట వెళ్లలేదు.

"ఏ మొకంతోని పోవాలక్కా? బండి నడిపింది నేను."

"నేనొస్త," అన్నాను.

జనగామలో ఉదయం రైలెక్కాం. కాజీపేట దాటే దాకా ఏదో ఒకటి మాట్లాడాడు. ఆ తరువాత కిటికీ వైపు తిరిగి కూర్చుని మళ్లీ ఇటు చూడలేదు.

ఖాజా వాళ్లమ్మ పేరు రజియా. మానుకోటలో స్టేషన్‌కు దగ్గరి గల్లీలో, ఇంటి ముందు గదిలోనే బట్టలు కుట్టే దుకాణం. మేం వెళ్లేసరికి మిషన్ ముందు ఉన్నారు. సాగర్‌ను చూశారు. చూసి, తల వంచుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టారు. నన్ను మాత్రం "బైఠో అమ్మా" అని స్టూలు చూపించారు.

సాగర్ గడప దగ్గరే నిలబడ్డాడు. ఏదో అన్నాడు. మిషన్ చప్పుడులో అతని గొంతు వినబడలేదు. మళ్లీ అన్నాడు. పెదవులు కదిలాయి, అంతే. అరిచి చెప్పే గొంతు అతనికి ఇప్పుడు లేదు. ఆమె తొక్కుతూనే ఉన్నారు. నేను అందుకుని చెప్పబోయాను కానీ సాగర్ వద్దని చెయ్యి ఊపి, మూడోసారి అన్నాడు.

రజియమ్మ కాలు ఆపారు. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది.

"ఏమంటున్నవ్?"

"అమ్మీ," అన్నాడు సాగర్ ఆ గీరుకుపోయిన గొంతుతో. ఖాజా ఎలా పిలిచేవాడో అలాగే. "ఖాజా బీట్ల మీద పాటలు పాడిన. నువ్వు ఒక్కసారి ఇను. వద్దంటె ఈడనే తీసేస్త."

అతని గొంతు ఏమైందో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. మెడ మీది రుమాలు వైపు చాలాసేపు చూశారు. "లోపలికి రా," అన్నారు.

చిన్న స్పీకర్ తెచ్చుకున్నాం. కట్టింగ్ బల్ల మీద పెట్టి పాట పెట్టాను. బేస్ మొదలైంది, ఆ వెనుకే హై-హ్యాట్ చిటపట. సాగర్ గొంతు ఇంకా రానే లేదు, రజియమ్మ చెయ్యి ఎత్తారు.

"ఆపు. గిదేంది?"

"తాళం అమ్మా. కంప్యూటర్‌ల చేసింది," అన్నాను.

"కంప్యూటర్ గాదు. ఏ మేరా మిషిన్ హై." ఆమె లేచి నిలబడ్డారు. "నా మిషిన్ గిది. అంచు కుట్టేటప్పుడు గిట్లనే ఉరుకుతది. ఇను, మళ్ల ఇను."

మళ్లీ పెట్టాను. ఆమె మిషన్ దగ్గరికి వెళ్లి పాత గుడ్డ ఒకటి సూది కింద పెట్టి తొక్కారు. స్పీకర్‌లో ఉన్నదీ, గదిలో వినబడేదీ ఒకటే చప్పుడు. ఆ హై-హ్యాట్ అక్కడక్కడ తడబడి మళ్లీ పరుగెత్తడం నేను చాలాసార్లు విన్నాను. మనిషి కాలు తొక్కిన మిషన్ అది.

"రంజాన్ ముందు దినాలల్ల," అన్నారు రజియమ్మ. "బట్టలు మస్తుగుండె. వీడు ఈడ కింద కూసోని ఫోన్ నా కాళ్లకాడ పెట్టిండు. ఏందిరా అంటె, అమ్మీ, ఆపకు, కుట్టుకుంటనే ఉండు అన్నడు. పిచ్చోడనుకున్న."

సాగర్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. అన్నాళ్లూ ఏడ్పు బీటని ఎగతాళి చేసింది ఈ తల్లి మిషన్ చప్పుడునని అతనికీ అప్పుడే తెలిసింది.

పాట మొత్తం విన్నారు. అడగకుండా ముట్టనన్నా, ఆమెకు వినిపించి అడగడానికని ఒకే ఒక్క చోట ఖాజా యాడ్-లిబ్ పెట్టుకుని వెళ్లాను. సాగర్ లైను ముగియగానే వెనుక నుంచి, కొంచెం దూరంగా, ఖాజా "అరె భాయ్" అన్నాడు. ఆమె ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. స్పీకర్ మీద అరచెయ్యి పెట్టి, "ఫిర్ సే," అన్నారు. మళ్లీ పెట్టాను. మళ్లీ అన్నారు. ఎన్నిసార్లు పెట్టానో గుర్తులేదు.

చివరికి సాగర్ వైపు తిరిగారు.

"ఇందుల ఒక మాట అన్నవు. స్టీరింగ్ నా చేతులనె ఉండె, దోస్తును నేనే సంపిన అని. అది తియ్యి."

"అమ్మీ, అది నిజమే..."

"అబద్ధం." ఆమె గొంతు పెరిగింది. "లారికి ఎన్క లైటు లేదు. పోలీసోళ్లు నాకు చెప్పిండ్రు, నా బిడ్డె మొగుడు పోయి చూసొచ్చిండు. నా కొడుకు బాజా మీద నువ్వు అబద్ధం పాడొద్దు. మిగిలినయన్ని పాడుకో. ల్యాప్‌టాప్ అల్మారల ఉన్నది, తీస్కపో."

ఆమె క్షమించాననీ అనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. లోపలికి వెళ్లి మా ఇద్దరికీ అన్నం పెట్టారు. తినే వరకు పక్కనే కూర్చున్నారు.

జనగామ వచ్చాక ఆ పాటలో ఆ ఒక్క లైను తీసేసి కొత్తది రాసుకోమన్నాను. సాగర్ మైకు ముందు చాలాసేపు నిలబడి, "ఏం వద్దక్కా, గట్లనే ఇడిచిపెట్టు," అన్నాడు. వదిలేశాను. ఇప్పటికీ ఆ పాటలో ఆ చోట మాట లేదు. రజియమ్మ మిషన్ ఒక్కటే నడుస్తుంది.

మిక్స్‌టేప్‌కు "ఎన్క లైటు" అని పేరు పెట్టి వదిలాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. విన్న కొద్దిమంది కూడా "అన్నా, నల్లిబొక్క రెండో పాట ఎప్పుడు?" అని కామెంట్లు పెట్టారు. సాగర్ దిగులుపడలేదు కానీ నేను పడ్డాను. తరువాత ఒకరోజు స్టూడియో నంబర్‌కు ఫోన్ వచ్చింది. అవతల ఎవరో పెద్దాయన.

"గా పాట పాడిన తమ్మునికి చెప్పు బిడ్డా. నేను మహదేవపూర్ కాడ ఇసుక లారి తోలుత. ఎన్క లైటు పోయి చాన దినాలాయె, మా ఓనరు ఏపియ్యడు. పాట ఇన్నంక బండి తియ్యబుద్ధి కాలె. నేనే రేడియం స్టిక్కర్లు అంటిచ్చిన. మా తాన ఇంకొందరు గూడ అంటిచ్చిండ్రు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. పాట విని జనం చప్పట్లు కొట్టడం చూశాను, నోట్లు విసరడం చూశాను. పాట విని లారీకి రేడియం అతికించుకున్న మనిషిని అప్పటిదాకా ఎరగను. లారీ డ్రైవర్ల ఫోన్లలో, బొగ్గుబాయి షిఫ్టు బస్సుల్లో ఆ పాటలు చేతులు మారాయి. చలికాలానికల్లా హైదరాబాద్ కుర్రాళ్లు కూడా వాటి గురించి రాయడం మొదలుపెట్టారు.

ఆ తరువాత భూపాలపల్లిలో కార్మికుల కాలనీ వాళ్లు గ్రౌండ్‌లో సాయంత్రం పూట ప్రోగ్రాం పెట్టారు. సౌండ్ చూసుకోమని సాగర్ నన్ను పిలిచాడు. అంత చిన్న గొంతు మైదానమంతా వినబడాలంటే మైకును బాగా పెంచాలి. పెంచితే స్పీకర్ల చప్పుడు మళ్లీ మైకులోకే దూరి కూ... అని కూత పెడుతుంది. ఫీడ్‌బ్యాక్ అంటారు దాన్ని. పైగా వచ్చిన జనం చాలామంది పాత సైరన్ సాగర్ కోసం వచ్చారు. ఈలలు, అరుపులు, స్టేజీ ముందు ఆడటానికి సిద్ధంగా యువకులు.

సాగర్ వచ్చి మైకు పట్టుకున్నాడు. "అన్నా, అక్కా," అన్నాడు. ముందు వరుసల వాళ్లకే వినబడింది. "నా గొంతు గింతే. జర మీరే సప్పుడు తగ్గించుకోవాలె."

ముందు వరుస ఊరుకుంది. వాళ్లు వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టారు. అలా వరుస వెనుక వరుస, గాలికి వరి చేను వంగినట్టు నిశ్శబ్దం వెనక్కి వెనక్కి పాకింది. గ్రౌండ్ చివర మిర్చిబజ్జీల బండి అతను స్టవ్ కూడా ఆపాడు. అంతమంది మనుషులు, దగ్గు కూడా లేదు. అంత నిశ్శబ్దంలో మైకును కొంచెం పెంచితేనే చాలింది. కూత రాలేదు.

బీట్ పడింది. సాగర్ మెల్లగా, ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పాడు. మొదటి లైను ముగిసింది. స్పీకర్లలో ఖాజా "అరె భాయ్" అన్నాడు. రెండో లైనుకు ముందు వరుసల్లో కొందరు అతనితో పాటు అన్నారు. నాలుగో లైనుకు వచ్చేసరికి మైదానం మొత్తం, ఆడవాళ్లు, ముసలివాళ్లు, షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కార్మికులు, అందరూ ఒక్క గొంతుతో, అరవకుండా, "అరె భాయ్" అన్నారు. లైను పడగానే ఆ మాట, మళ్లీ నిశ్శబ్దం. సాగర్ ఇక ఎక్కడా ఎక్కువసేపు ఆగలేదు.

నేను ఎన్నో గుళ్లు చూశాను, జాతరలు చూశాను. అలా చేతులు జోడించాలనిపించింది ఆ గ్రౌండ్‌లోనే.

సౌండ్ బల్ల పక్కన సాగర్ వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. పాటలంటే ఆయనకు పడేది కాదు. ప్రోగ్రాం అయ్యాక మెల్లగా అన్నాడు: "బాయిల కరెంటు పోతె గిట్లనే ఉంటది బిడ్డా. ఎంతమందున్నా సప్పుడుండది. ఒక్కడు మాట్లాడితె అందరికి ధైర్యం."

ఇప్పుడు సాగర్ బరాత్‌లకు పాడడు. బెంగళూరు దాకా వెళ్లి పాడి వస్తున్నాడు. ఒకప్పుడు కామెడీ పాట అడిగిన సినిమావాళ్లే ఈసారి విషాదం పాట అడిగారు, యాస కొంచెం తగ్గించమన్నారు. "గొంతు నా చేతులకెల్లి పోయింది సార్, మాట ఇంక నాతాననే ఉన్నది," అన్నాడట. వాళ్లు ఉన్నదున్నట్టే తీసుకున్నారు. సాగర్ ఇప్పటికీ మానుకోట వెళ్లి వస్తుంటాడు. రజియమ్మతో ఏం మాట్లాడతాడో నాకు చెప్పడు, నేనూ అడగను.

ఈ పనిలో మాకు మొదట నేర్పేది శుభ్రం చేయడం. దగ్గు తీసేయ్, ఊపిరి తీసేయ్, బొంగురు తీసేయ్. అది అవసరమే, రోజూ చేస్తాను. కానీ తీసేసే ముందు ఆ మనిషిని ఒక మాట అడగాలని సాగర్ దగ్గర నేర్చుకున్నాను. మొన్న ఒక అవ్వ పాట పాడటానికి వచ్చింది. ముందు పళ్లు లేవు, మాటల మధ్య గాలి పోతోంది. పాడటం అయ్యాక సిగ్గుపడుతూ అడిగింది:

"గా గాలి సప్పుడు తీసేస్తవా బిడ్డా?"

"తియ్యమంటె తీస్త అవ్వా. ముందుగాల ఒకసారి ఉన్నదున్నట్టు ఇను," అని హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టాను.

అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా వింది. "మా అమ్మ గిట్లనే పాడేది," అంది. "ఉండనీ."